ఇంటి అలమరలోని జాతి సంపద

హైదరాబాదులో మూసీనది ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం ప్రధానంగా ఒక మనిషి ఇష్టాల సమాహారం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ తన పూర్వుల సేకరణకు తన జీవితకాలంలో కొన్న వస్తువులను కలుపుకుంటూ పోయాడు. తనకు నచ్చింది కొన్నాడు, నచ్చనిది వదిలేశాడు. అందులో మహత్తరమైనవీ ఉన్నాయి, కేవలం ముచ్చటపడి కొన్నవీ ఉన్నాయి. 1949లో ఆయన వారసులు లేకుండా మరణించాడు. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ఆ సేకరణను మ్యూజియంగా ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటిస్తూ శాసనం చేసింది. ఒక నవాబు ముచ్చట ఆ విధంగా పన్నెండేళ్లలో జాతి సంపద అయింది. ఇది ఎంతో సబబైన పని.

అయితే అదే దేశంలో, అదే కాలంలో, అంతే ఇష్టంతో గ్రామఫోను రికార్డులనూ, పాత సినిమాల ప్రతులనూ, పాటల పుస్తకాలనూ, రేడియో, టెలివిజను కార్యక్రమాలను ఎక్కించుకున్న టేపులనూ పోగుచేసిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, చిల్లర వర్తకులు ఉన్నారు. వారి సేకరణకు అధికార పరిభాషలో ఒక పేరంటూ లేదు. బంధువులు దానిని పిచ్చి అన్నారు, ఇరుగుపొరుగువారు కాలక్షేపం అన్నారు, విద్వాంసులు వ్యక్తిగత అభిరుచి అని పక్కన పెట్టారు. ప్రభుత్వం ఏమీ అనలేదు. ఆ మౌనం వల్ల ఏటా ఎంతో కొంత సంపద పాత సామాన్ల వాడి తోపుడు బండి మీదికి చేరుతోంది. ఈ నష్టాన్ని విధివశాత్తు జరిగినదిగా భావించడం పొరపాటు. ఇది ఒక విధానం లేకపోవడం వల్ల జరుగుతున్న నష్టం.

ధ్వనిముద్రణ ఈ దేశానికి వచ్చి నూట ఇరవై ఏళ్లు దాటింది. 1902లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలైనవారి గానాన్ని రికార్డు చేశాడు. కొద్ది సంవత్సరాలలోనే దక్షిణాది గాయకుల గొంతులు కూడా లక్కబిళ్ళల మీదికి ఎక్కాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ బిళ్ళ ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. తెలుగు రంగస్థల పద్యం తన తొలి నాటి స్వరూపంలో వినిపించేది ఈ మూడు నిమిషాలలోనే. పద్యం చివర రాగాన్ని ఎంతసేపు సాగదీయాలో, ఎక్కడ తుంచాలో నటుడు ఆ బిళ్ళ కొలతను బట్టి నిర్ణయించుకోవలసి వచ్చింది. స్థానం నరసింహారావు, బళ్ళారి రాఘవ వంటివారి గురించి గ్రంథాలు ఎన్ని చెప్పినా, వారి ఉచ్చారణ ఎలా ఉండేదో, పదం ఎక్కడ విరిచేవారో తెలియాలంటే రికార్డే ప్రమాణం. నాటకరంగ చరిత్రకారునికి అది శాసనంతో సమానమైన ఆధారం.

అటువంటి ఆధారాన్ని భద్రపరిచే బాధ్యత ఎవరిది? కంపెనీలకు అది సరుకు. అమ్ముడుపోయినన్నాళ్ళు అచ్చువేశాయి, గిరాకీ తగ్గగానే జాబితా నుంచి తొలగించాయి. సినిమా నిర్మాతలకూ అంతే. రఘుపతి వెంకయ్య కుటుంబం పూనికతో 1921లో తయారైన మూకీ చిత్రం భీష్మ ప్రతిజ్ఞ నేడు చూద్దామంటే లేదు. 1931 మార్చి 14న విడుదలైన దేశపు తొలి టాకీ ఆలం ఆరా లేదు. 1932లో హెచ్.ఎం.రెడ్డి తెలుగువారికి ఇచ్చిన తొలి టాకీ భక్త ప్రహ్లాద కూడా లేదు. ఆనాటి నైట్రేట్ ఫిల్ములో వెండి ఉండేది. ఆట అయిపోయిన చిత్రాల రీళ్ళను ఆ వెండి కోసం కడిగి అమ్ముకున్నారు. చిత్రం విలువ కంటే దాని మీది వెండి విలువ ఎక్కువని లెక్కవేసిన కాలమది. వ్యాపారిని ఇందుకు నిందించి లాభం లేదు. తనకు పనికిరాని సరుకును దాచిపెట్టమని అతనిని ఏ చట్టమూ కోరలేదు.

ఇక్కడే ప్రభుత్వ విధానంలోని వైరుధ్యం కనిపిస్తుంది. వలస ప్రభుత్వం 1867లోనే ముద్రిత గ్రంథాల నమోదుకు చట్టం చేసింది. దాని ఉద్దేశం నిఘాయే కావచ్చు, ఫలితం మాత్రం గ్రంథసూచి. స్వతంత్ర భారతం 1954లో గ్రంథాలయాలకు పుస్తకాలు అందజేసే చట్టం తెచ్చి, 1956లో వార్తాపత్రికలను కూడా అందులో చేర్చింది. దాని ప్రకారం ప్రచురణకర్త కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసులోని కన్నెమరా గ్రంథాలయంతో సహా మరి మూడు గ్రంథాలయాలకూ తన పుస్తకం ప్రతులను పంపాలి. ఒక మారుమూల పట్టణంలో అచ్చయిన పదహారు పేజీల శతకానికి కూడా ఈ రక్షణ ఉంది. కోటిమంది విన్న పాటకు మాత్రం లేదు. ఫ్రాన్సు 1992లో చేసిన చట్టంతో రేడియో, టెలివిజను ప్రసారాలకు సైతం ఈ నిర్బంధ నిక్షేపాన్ని వర్తింపజేసింది. చలనచిత్రాలను జాతుల సాంస్కృతిక వారసత్వంగా పరిగణించి కాపాడాలని యునెస్కో మహాసభ 1980 అక్టోబరు 27న సిఫార్సు చేసింది. ఆ తేదీన ఏటా దృశ్యశ్రవణ వారసత్వ దినం జరుపుతున్నారు. ఉత్సవం ఇక్కడికీ వచ్చింది, శాసనం రాలేదు.

శాసనం లేని చోట ఇష్టం పనిచేసింది. బొబ్బిలి సంస్థానపు బంధువర్గంలో పుట్టిన వి.ఎ.కె. రంగారావు మద్రాసులో వేలాది గ్రామఫోను రికార్డులు కూడబెట్టి, వాటి గురించి తెలుగులో వ్రాసి, పాత పాటకు కర్త ఎవరు, గాత్రం ఎవరిది అన్న చర్చకు ఒక క్రమశిక్షణ తెచ్చాడు. ముంబయి కేంద్రంగా 1990లో ఏర్పడిన భారతీయ రికార్డు సేకర్తల సంఘం తన పత్రిక ద్వారా ముద్రణ సంఖ్యలు, కంపెనీ గుర్తులు, గాయకుల వివరాలు నమోదు చేసింది. కాన్పూరులో హర్‌మందిర్ సింగ్ 'హమ్‌రాజ్' హిందీ సినీగీతాల కోశాన్ని దశాబ్దాల వారీగా సంపుటాలుగా వెలువరించాడు. ఒక విశ్వవిద్యాలయ శాఖ చేయవలసిన పనిని ఒక శ్రోత చేశాడు. సరిహద్దు అవతల కరాచీలో, మద్రాసులోనే 1916లో పుట్టిన లుత్ఫుల్లాఖాన్ 1950ల ఆరంభం నుంచి తన సొంత టేపురికార్డరు మీద కవులనూ, గాయకులనూ రికార్డు చేస్తూ పోయాడు. ఫైజ్ అహ్మద్ ఫైజ్ కవితలు ఆయన గొంతులోనే నేడు వినగలుగుతున్నామంటే ఆ వ్యక్తి ఇంటి అలమర చలవే. 2012లో ఆయన మరణించాడు. రాజ్యాలు విడిపోయిన తరవాత కూడా ఉపఖండపు స్వరం ఒక ఇంటి గదిలో చెక్కుచెదరకుండా ఉండగలదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఈ వాదానికి అధికార వర్గాలలో సాధారణంగా నాలుగు ఆక్షేపణలు వినిపిస్తాయి.

వ్యక్తి ఇష్టం చరిత్రకు కొలబద్ద కాజాలదు, ఏది భద్రపరచదగినదో నిపుణులే నిర్ణయించాలి అన్నది మొదటిది. వినడానికి సమంజసంగానే ఉంటుంది. అయితే నిపుణుల నిర్ణయం ఎలా ఉంటుందో ఈ దేశం ఒకసారి చూసింది. 1952లో సమాచార ప్రసార శాఖ చేపట్టి పదేళ్లు నిర్వహించిన బి.వి.కేస్కర్ సంగీత పరిజ్ఞానం గల పండితుడు. సినిమా పాట శ్రోతల అభిరుచిని చెడగొడుతున్నదని ఆయన నిజాయితీగా నమ్మాడు. ఆకాశవాణిలో సినిమా పాటకు చోటు లేకుండా పోయింది. శ్రోత ఏం చేశాడు? రేడియో ముల్లును సిలోను వైపు తిప్పుకున్నాడు. హిందీ పాటలతోపాటు తెలుగు పాటలకూ కొలంబో ఆశ్రయమిచ్చింది. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభించి ప్రభుత్వం తన నిర్ణయాన్ని తానే సవరించుకోవలసి వచ్చింది. ఆనాడు ఏది దాచాలి, ఏది పారేయాలి అన్న అధికారం పూర్తిగా ఆ శాఖ చేతిలోనే ఉండి ఉంటే, నేడు విశ్వవిద్యాలయాలలో పరిశోధన జరుగుతున్న 1950ల సినీసంగీతంలో ఎంత మిగిలేదో ఊహించవచ్చు.

తెలుగువారికి ఇంకా పాత ఉదాహరణ ఒకటి ఉంది. పండితులు పామరుల పద్యాలని చిన్నచూపు చూసిన వేమనను చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇష్టపడి, వ్రాతప్రతులు వెదికించి, 1829లో అచ్చు వేయించాడు. లేఖకులకు జీతాలిచ్చి వందలాది తెలుగు గ్రంథాలకు ప్రతులు వ్రాయించాడు. అది ఉద్యోగ విధి కాదు. అప్పులపాలయినా మానని వ్యసనం. కాలం గడిచాక పండితుల నిర్ణయం ఓడిపోయింది, వ్యసనం గెలిచింది. ఇష్టం శాస్త్రానికి ప్రత్యామ్నాయం కాదన్నది నిజమే. కాని ఒక తరం శాస్త్రం విసిరేసిన దానిని రాబోయే తరం శాస్త్రం కోసం దాచి ఉంచేది ఇష్టమే. వేర్వేరు మనుషుల ఇష్టాలు వేర్వేరు దిక్కులకు పోతాయి కనుక, పదిమంది సేకర్తల గదులు కలిపి చూస్తే ఏ ఒక్క నిపుణుల సంఘమూ తయారుచేయలేని విస్తృతి కనిపిస్తుంది.

జాతీయ సంస్థలు ఉన్నాయి కదా, అవి చాలవా అన్నది రెండవ ఆక్షేపణ. పుణేలోని జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో ఏర్పడింది. దానిని పెంచి పెద్దచేసిన పి.కె.నాయర్ ప్రభుత్వోద్యోగి అయినా స్వభావరీత్యా సేకర్త. గోదాములలో, పాత నిర్మాతల ఇళ్ళలో వెదికి వెదికి ఫాల్కే చిత్రాల శకలాలను దక్కించాడు. ఆ సంస్థ కీర్తిలో సింహభాగం ఆ వ్యక్తి పట్టుదలది. అయినా 2003 జనవరిలో పుణేలో జరిగిన అగ్నిప్రమాదంలో అక్కడి నైట్రేట్ రీళ్ళు పెద్ద సంఖ్యలో బూడిదయ్యాయి. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అరుదైన ఉర్దూ గ్రంథాలు నీటమునిగాయి. ఇవి ఆ సంస్థలను తప్పుపట్టడానికి చెప్పే మాటలు కావు. నిప్పు, నీరు ప్రభుత్వ భవనమని వెనుకాడవు. ఒకే చోట ఉన్న ఒకే ప్రతికి భద్రత లేదన్నదే ఈ ఘటనలు నేర్పే పాఠం. ప్రతులు అనేకచోట్ల, అనేకుల దగ్గర ఉండాలి. ఆ అనేకులు ఇప్పటికే ఉన్నారు. వారిని గుర్తించడానికి కొత్త భవనం కూడా అక్కరలేదు.

టెలివిజను విషయంలో ఈ మాట మరింత నిజం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు చేసిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలయింది. ఆ తొలి సంవత్సరాలలో టేపు ఖరీదైన దిగుమతి సరుకు. ఒక కార్యక్రమం ప్రసారం కాగానే దాని మీదే మరొకటి ఎక్కించడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. బి.బి.సి. వంటి సంపన్న సంస్థ కూడా అదే చేసింది. దాని ప్రసిద్ధ ధారావాహిక డాక్టర్ హూలో 1960ల నాటి భాగాలు తొంభైకి పైగా ఆ విధంగా పోయాయి. పోయిన వాటిలో కొన్ని తరవాత దొరికాయి, వాటిలో పలు భాగాలు దొరికింది వ్యక్తుల సేకరణలలోనే. బొమ్మ దొరకని భాగాలకు కూడా ధ్వని మిగిలింది. ఎందుకంటే కొందరు ప్రేక్షకులు తమ ఇళ్ళలో టెలివిజను ముందు టేపురికార్డరు పెట్టి రికార్డు చేసుకున్నారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే గ్రంథాలయోద్యోగిని 1970ల చివరి నుంచి 2012లో మరణించేవరకు టెలివిజను వార్తలను రేయింబవళ్ళు వీడియో టేపుల మీద ఎక్కించింది. ఆ టేపుల సంఖ్య సుమారు 70 వేలు. బతికినన్నాళ్ళు అది చాదస్తంగా కనిపించింది. నేడు ఒక దేశపు వార్తాచరిత్రకు అది ఆకరం.

తెలుగు ఇళ్ళలోనూ ఇటువంటి టేపులున్నాయి. 1980లలో వీడియో యంత్రం కొనగలిగిన కుటుంబాలు నాటికలు, కవిసమ్మేళనాలు, సంగీత కచేరీలు ఎక్కించుకున్నాయి. ఇంటి టేపులో ఒక విశేషముంది. సంస్థ దాచుకున్న ప్రతిలో కార్యక్రమం మాత్రమే ఉంటుంది. ఇంటి టేపులో ముందు వచ్చిన ప్రకటన, మధ్యలో అంతరాయానికి చింతిస్తున్నామన్న పలక, తరవాత వార్తలు చదివినవారి గొంతు కూడా ఉంటాయి. సాంఘిక చరిత్ర వ్రాసేవారికి వాటి విలువ ఒక్కోసారి అసలు కార్యక్రమం కంటే అధికం.

మూడవ ఆక్షేపణ నవీనమైనది. అన్నీ అంతర్జాలంలో దొరుకుతున్నాయి కదా, ఇక పెట్టెలతో పనేమిటి అన్నది. దొరికేది ఎవరు పెట్టారో చూస్తే ఈ ప్రశ్నకు సమాధానం దానిలోనే ఉంది. అక్కడ వినిపించే పాత పాటలలో చాలా భాగం ఎవరో ఒక సేకర్త తన రికార్డు నుంచి ఎక్కించినవే. ఎక్కించే క్రమంలో బిళ్ళ మీది సంఖ్య, కంపెనీ పేరు, సంవత్సరం జారిపోతాయి. ఒకరి పాట మరొకరి పేరున చలామణి అవుతుంది. హక్కుదారు అభ్యంతరం చెబితే రాత్రికి రాత్రి మాయమవుతుంది. నెలవారీ రుసుము తీసుకుని పాటలు, సినిమాలు వినిపించే, చూపించే సేవలలో ఇష్టమైన వాటి జాబితా తయారుచేసుకోవడం నేటి యువతకు అలవాటు. ఆ జాబితా అద్దె ఇంటి గోడ మీద వ్రాసుకున్న పేర్ల వంటిది. ఆ సంస్థకూ, హక్కుదారుకూ మధ్య ఒప్పందం ముగిసిన నాడు జాబితాలో పేరు ఉంటుంది, పాట ఉండదు. తన దగ్గర ఒక ప్రతి ఉన్నవాడే సేకర్త. ఈ తేడా మరచిన తరం తన యౌవనకాలపు సంగీతాన్ని రాబోయే తరానికి అప్పగించలేదు.

నాలుగవ ఆక్షేపణ హక్కుల చట్టానిది. ఫైళ్ళ మీద ఎక్కువగా కనిపించేది ఇదే. 1957 కాపీరైటు చట్టం ధ్వనిముద్రణకు, చలనచిత్రానికి ప్రచురణ అనంతరం అరవై సంవత్సరాల రక్షణ ఇస్తుంది. అంటే 78 చుట్ల బిళ్ళల యుగంలోని ముద్రణల మీద ఆ హక్కు దాదాపు ముగిసిపోయింది. రచనకూ, స్వరకల్పనకూ ఉన్న హక్కు కర్త మరణానంతరం అరవై ఏళ్ల వరకు సాగుతుంది కనుక, ప్రచురణ విషయంలో జాగ్రత్త అవసరమే. అయితే భద్రపరచడం వేరు, ప్రచురించడం వేరు. 2012 సవరణ ద్వారా, లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయం తన దగ్గర ఉన్న కృతిని సంరక్షణ కోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిలవచేసుకోవడానికి చట్టమే అనుమతించింది. వ్యక్తి తన సొంత వినియోగానికీ, పరిశోధనకూ న్యాయమైన మేరకు వాడుకోవడాన్నీ మినహాయించింది. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న ఖాళీయే సేకర్త నిలబడిన చోటు. అతను గ్రంథాలయం కాదు, తన ఒక్కడి కోసమే దాచుకున్నవాడూ కాదు. అతని ప్రతి గ్రంథాలయానికి చేరేందుకు ఒక స్పష్టమైన నిబంధన ఏర్పడితే ఆక్షేపణ వీగిపోతుంది. చట్టం అడ్డు అంటున్నవారు ఆ నిబంధన ముసాయిదాను ఇంతవరకు ఎందుకు తయారుచేయలేదో చెప్పవలసి ఉంది.

సేకర్తలలో లోపాలు లేవని చెప్పడం ఈ వాదం ఉద్దేశం కాదు. ఉన్నాయి, తీవ్రమైనవే ఉన్నాయి. తన దగ్గర ఉన్న అరుదైన బిళ్ళను మరొకరికి వినిపించడానికి ఇష్టపడనివారు ఉన్నారు. అరుదుతనమే విలువ అని భావించి రెండవ ప్రతి తయారుకాకుండా చూసేవారు ఉన్నారు. పరిశోధకుడు పదిసార్లు తిరిగినా తలుపు తీయనివారు ఉన్నారు. అన్నింటికంటే పెద్ద లోపం పట్టిక లేకపోవడం. యాభై ఏళ్ల సేకరణకు సూచి యజమాని తలలోనే ఉంటుంది. అతనితోనే పోతుంది. తరవాత కొడుకులు, కోడళ్ళు ఆ పెట్టెలను చూసి ఏం చేయాలో తోచక నిలబడతారు. రెండు పడక గదుల ఇంట్లో నాలుగు వేల బిళ్ళలకు చోటు లేదు. ఏ కార్యాలయానికి ఉత్తరం వ్రాయాలో తెలియదు. వ్రాసినా సమాధానం రాదు. చివరికి తూకానికి పోతాయి. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోయేవరకు, హైదరాబాదు జుమ్మేరాత్ బజారు ఇప్పటికీ, ఇటువంటి ఇళ్ళ చివరి మజిలీలు. అక్కడ మరో సేకర్త కంటబడితే అదృష్టం.

కాలం కూడా అనుకూలంగా లేదు. లక్కబిళ్ళ జాగ్రత్తగా ఉంచితే వందేళ్లు పలుకుతుంది గాని, చేయిజారితే ముక్కలే. టేపు అంతకాలం ఆగదు. అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు తేమకు మెత్తబడుతుంది, బూజు పడుతుంది. విజయవాడ, విశాఖపట్నం, చెన్నై వంటి తేమ నగరాలలో ఈ క్షయం మరీ వేగం. టేపు బాగున్నా దానిని తిప్పే యంత్రం దొరకదు. వి.హెచ్.ఎస్. వీడియో యంత్రాల తయారీ 2016తో ప్రపంచంలోనే ఆగిపోయింది. 2019లో యునెస్కో, అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం కలిసి ఒక హెచ్చరిక జారీచేశాయి. 2025 నాటికి కొత్త రూపంలోకి మార్చని టేపులు చాలావరకు శాశ్వతంగా చేజారవచ్చునని దాని సారాంశం. ఆ గడువు వచ్చింది, దాటింది.

ఈ నేపథ్యంలో ఒక ఆశాజనకమైన మాట కూడా చెప్పుకోవాలి. 2003లో వ్రాతప్రతుల కోసం జాతీయ మిషన్ ఏర్పడింది. 2025-26 కేంద్ర బడ్జెటులో ప్రకటించిన జ్ఞానభారతం మిషన్ కోటికి పైగా వ్రాతప్రతులను సర్వే చేసి సంరక్షించే లక్ష్యం పెట్టుకుంది. ఆ ప్రకటనలో విద్యాసంస్థలు, మ్యూజియంలు, గ్రంథాలయాలతోపాటు వ్యక్తిగత సేకర్తల పేరు కూడా చేర్చారు. అంటే తాళపత్రం విషయంలో ప్రభుత్వం ఇంటి అలమరను గుర్తించింది. తాళపత్రానికి వర్తించిన న్యాయం లక్కబిళ్ళకూ, టేపుకూ, ఫిల్ముకూ వర్తించకూడదనడానికి కారణం కనిపించదు. తెలుగు దేశంలో ఒకప్పుడు తాళపత్రం కూడా పాత చెత్తగా గోదావరిలో కలిసినదే.

చేయవలసినవి అసాధ్యమైన పనులేమీ కావు. 1954 చట్టాన్ని ధ్వని, చలనచిత్ర, టెలివిజను కృతులకు విస్తరించాలి. వ్యక్తిగత సేకరణలను యాజమాన్యం యజమానిదిగానే ఉంచి, స్వచ్ఛందంగా నమోదు చేసుకునే ఏర్పాటు ఉండాలి. నమోదు స్వాధీనానికి తొలిమెట్టు అన్న భయం సేకర్తకు కలగకూడదు. పెద్ద పట్టణాలలోని జిల్లా గ్రంథాలయాలలో బిళ్ళను, టేపును కొత్త రూపంలోకి మార్చే ఒక యంత్రాన్నీ, దానిని నడపగల మనిషినీ ఉంచాలి. సేకర్త ఒక ప్రతి ఇస్తే మరొక ప్రతి శుభ్రపరిచి అతనికే ఇవ్వాలి. అతని నోటితోనే పట్టిక చెప్పించుకుని వ్రాసుకోవాలి, ఎందుకంటే ఏ బిళ్ళ ఎక్కడ, ఎందుకు కొన్నాడన్నది కూడా చరిత్రే. అతను మరణించాక సేకరణను కొనడానికి గాని, స్వీకరించడానికి గాని ఒక నిధి ఉండాలి. తమిళనాడులో కొట్టైయూరు రోజా ముత్తయ్య చెట్టియార్ 1992లో మరణించినప్పుడు ఆయన గ్రంథ సేకరణ చెల్లాచెదురు కాకుండా ఆపింది అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయం. 1994లో దానిని కొని మద్రాసులోనే గ్రంథాలయంగా నిలిపింది. హైదరాబాదులో అబ్దుస్ సమద్ ఖాన్ ఉర్దూ సేకరణను కాపాడటంలోనూ ఆ విశ్వవిద్యాలయం చేయి ఉంది. ఆ ఔదార్యానికి కృతజ్ఞత చెప్పవలసిందే. అటువంటి సందర్భంలో ముందుగా పలకవలసిన వారు ఎవరో కూడా గుర్తుచేసుకోవలసిందే.

శంకరంబాడి సుందరాచారి వ్రాసిన మా తెలుగు తల్లికి గీతం టంగుటూరి సూర్యకుమారి పాడిన గ్రామఫోను రికార్డు ద్వారా ఇల్లిల్లూ తిరిగింది. తరవాతి కాలంలో ప్రభుత్వం దానిని రాష్ట్రగీతంగా స్వీకరించింది. ఏ సంఘమూ ఎంపిక చేయకముందే దానిని ఎంపిక చేసింది, రికార్డు కొని దాచుకున్న సామాన్య శ్రోత. ప్రభుత్వానికి శ్రోత ఇచ్చిన కానుక అది.

తాళ్లపాకవారి సంకీర్తనలు తిరుమల ఆలయపు అరలో శతాబ్దాలపాటు ఎవరూ వినకుండా, ఎవరూ పాడకుండా పడి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దిలో వెలికితీసి చదివేవరకు అవి చెడిపోలేదు. అవి రాగిరేకుల మీద ఉన్నాయి కనుక ఆ ఆలస్యాన్ని తట్టుకున్నాయి. నేటి ఇళ్ళలో ఉన్నవి లక్కబిళ్ళలు, ప్లాస్టిక్ టేపులు. రాగి చూపిన ఓర్పు వీటికి లేదు. వాటిని దాచినవారిలో అధికులు ఇప్పటికే వృద్ధులు.